నీటి రాకెట్టు – సీసాల అతుకు



వేసవిలో వడియాలు ఎండబెట్టాక మనలో చాలామంది చేసే పని ఒకటుంది. వడియాలను పాలిథిన్ కవర్లో పోసి, కవరు మూతిని ఒక హ్యాక్సా బ్లేడు అంచున మడిచి, పక్కనుంచి కొవ్వొత్తి సెగ చూపిస్తాం. అంచు కరిగి అంటుకుంటుంది. ఇక గాలి దూరదు, చీమ దూరదు. అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపినా వడియం మెత్తబడదు. ఈ విద్య మా అత్తగారు నాకు నేర్పారు. నేను చేస్తుంటే చూసి మా పిల్లలు నేర్చుకున్నారు. ఈవేళ నేను చెప్పబోయే సంగతంతా అక్కడే మొదలైంది.

మావాడు తొమ్మిదో క్లాసు. అక్టోబరు 4 నుంచి 10 వరకూ ప్రపంచ అంతరిక్ష వారం జరుపుతారని మీరు వినే ఉంటారు. మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరింది 1957 అక్టోబరు 4న. అంతరిక్షాన్ని శాంతి పనులకే వాడాలన్న ఒప్పందం అమల్లోకి వచ్చింది 1967 అక్టోబరు 10న. ఆ రెండు తేదీల మధ్య వారం అన్నమాట. ఆ వారంలో బడిలో పిల్లల చేత నీటి రాకెట్లు ఎగరేయిస్తామన్నారు. మావాడికి ఇక అన్నం నీళ్ళు సయించలేదు.

నీటి రాకెట్టంటే తెలియని వారికి రెండు మాటలు చెప్తాను. కూల్‌డ్రింకు సీసాలో మూడో వంతు నీళ్ళు పోసి, మూతి కిందికి ఉండేలా స్టాండు మీద బిగిస్తారు. సైకిలు పంపులాంటి దానితో లోపలికి గాలి కొడతారు. నీళ్ళ పైనున్న జాగాలో గాలి కుక్కుకుని, స్ప్రింగును అదిమి పట్టినట్టు ఉంటుంది. దూరం నుంచి తాడు లాగి గొళ్ళెం వదిలితే, లోపలి గాలి నీళ్ళను బలంగా కిందికి తోస్తుంది. నీళ్ళు కిందికి పోతే సీసా పైకి పోతుంది. దీపావళికి తారాజువ్వలో మందు చేసే పని ఇక్కడ గాలీ నీళ్ళూ చేస్తాయి. గాలి ఒక్కటే చాలదా అంటారేమో. నీళ్ళు గాలి కంటే దాదాపు 800 రెట్లు బరువు. బరువైన దాన్ని వెనక్కి విసిరితేనే గదా, మనకు ముందుకు తోపు బాగా దొరికేది!

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ పిల్లలకు ఉన్నదానితో తృప్తి ఉండదు కదా. ఒక సీసా రాకెట్టు అందరూ చేస్తారు, రెండు సీసాలు కలిపితే గాలి రెట్టింపు పడుతుంది, రెట్టింపు ఎత్తు పోతుందని మావాడి లెక్క. రెండు లీటర్ల సీసాలు రెండు తెచ్చాడు. ఒకదాని అడుగు కోశాడు. రెండోదాని అడుగు కూడా కోశాడు. నడుము దగ్గర రెంటినీ కలపాలి. ఎలా? వాడికి వడియాల కవరు గుర్తొచ్చింది. నేను మధ్యాహ్నం కాస్త నడుం వాల్చిన వేళ చూసి, వంటింట్లో హ్యాక్సా బ్లేడును స్టవ్వు మీద ఎర్రగా కాల్చి, రెండు అంచులూ కరిగించి అతికేశాడు.

లేచి చూస్తే ఇల్లంతా ప్లాస్టిక్కు కాలిన కంపు. కేకలేశాను. కానీ నిజం చెప్పొద్దూ, అతుకు చూసి లోపల్లోపల మెచ్చుకున్నాను కూడా. సీసా చుట్టూ తెల్లటి గట్టి ఉంగరంలా వచ్చింది. నీళ్ళు పోసి చూపించాడు. ఒక్క చుక్క కారలేదు. "చూశావా అమ్మా, కారడం లేదుగా!" అన్నాడు. నేనూ సరేనన్నాను. ఆ సరే అనడమే నా తప్పు.

ఆ సాయంత్రం డాబా మీద వాడు పంపు కొడుతున్నాడు. మా అమ్మాయి, ఆరో క్లాసు చదువుతోంది, సీసా పడిపోకుండా పక్కన కూచుని పట్టుకుంది. ఎన్నిసార్లు కొట్టాడో నేను లెక్క పెట్టలేదు. తుపాకీ పేలినట్టు చప్పుడైంది. ఆ తెల్ల ఉంగరం దగ్గరే సీసా రెండుగా తెగింది. పై సగం వెళ్ళి పిట్టగోడకు కొట్టుకుంది. ఉంగరం ముక్క ఒకటి మా అమ్మాయి కనుబొమ మీద తగిలింది. మూడు కుట్లు పడ్డాయి. ముక్క అంగుళం కిందుగా తగిలి ఉంటే ఏమయ్యేదో మీకు చెప్పనక్కర్లేదు.

ఆ రాత్రి మావారు సీసాలన్నీ పారేయమన్నారు. మావాడు అన్నం ముట్టలేదు. చెల్లెలి మంచం పక్కనే కూచున్నాడు. నాకు మాత్రం ఒకటే ప్రశ్న. పాలిథిన్ కవరు అంత చక్కగా అతుకుతుందే, అంతకంటే మందంగా ఉన్న సీసా ఎందుకు అతకలేదు? చుక్క కూడా కారని అతుకు అలా ఎందుకు తెగింది?

దీనికి సమాధానం మా కింది వాటాలో ఉండే అబ్బాయి దగ్గర దొరికింది. అతను ప్లాస్టిక్కు సీసాలు ఊదే చిన్న వర్క్‌షాపులో పనిచేస్తాడు. మర్నాడు పాపను చూడ్డానికి వచ్చి, జేబులోంచి ఒక వస్తువు తీసి నా చేతిలో పెట్టాడు. గాజు పరీక్షనాళికలాగా ఉంది, గోడ మాత్రం మందం. పైన మూత బిగించే మరలు ఉన్నాయి. "అక్కా, రెండు లీటర్ల సీసా పుట్టకముందు ఇలా ఉంటుంది. దీన్ని ప్రీఫారం అంటాం" అన్నాడు. నేను నమ్మలేదు. నా అరచేతిలో ఇమిడిపోయే ఆ గొట్టం రెండు లీటర్ల సీసా ఎలా అవుతుంది?

అతను చెప్పింది నేను అర్థం చేసుకున్నట్టే మీకు చెప్తాను. ఆ గొట్టాన్ని సుమారు 100 డిగ్రీల దాకా వేడిచేస్తారు. అప్పుడు అది మెత్తబడుతుంది గానీ కరగదు. అచ్చులో పెట్టి, లోపలికి ఒక కడ్డీ దించి నిలువుగా సాగదీస్తారు. వెంటనే బలమైన గాలి పంపి అడ్డంగా ఉబ్బిస్తారు. చల్లని అచ్చుకు తగిలి అది అక్కడికక్కడే బిగిసిపోతుంది. మూతి మరలు మాత్రం సాగవు, మొదటెలా ఉన్నాయో అలాగే ఉంటాయి. మీరెప్పుడైనా గమనించారా? సీసా మూతి మందంగా మొద్దుగా ఉంటుంది, పొట్ట మాత్రం కాగితంలా పల్చగా ఉంటుంది.

మరి పల్చబడిన పొట్ట బలహీనం కావాలి కదా? ఇక్కడే ఉంది కిటుకు. ఈ ప్లాస్టిక్కు లోపల పొడుగాటి పోగుల్లాంటి అణుగొలుసులు ఉంటాయి. సాగదీయకముందు అవి చిక్కుపడిన జుట్టులా ఉంటాయి. సాగదీస్తే దువ్వినట్టు ఒక వరసలోకి వస్తాయి. చిక్కుజుట్టుకూ బిగించి అల్లిన జడకూ ఉన్న తేడా మనకు వేరే చెప్పాలా? పైగా సీసాను నిలువుగానూ సాగదీశారు, అడ్డంగానూ సాగదీశారు. నవారు మంచం అల్లినట్టన్నమాట. నవారు పట్టీ పల్చనిదే, కానీ అటూ ఇటూ అల్లాక నలుగురు కూచున్నా మోస్తుంది.

ఈ ఉపాయం కనిపెట్టినాయన నథానియెల్ వైత్ అనే అమెరికన్ ఇంజనీరు. ఆయన కథ మన వంటింటి కథలాగే ఉంటుంది. సోడాలాంటి గ్యాసు పానీయాలను ప్లాస్టిక్కు సీసాలో పోయవచ్చా అని ఆయనకు సందేహం వచ్చింది. ఇంట్లో డిటర్జెంటు సీసా ఒకటి తీసుకుని, అల్లం సోడా పోసి ఫ్రిజ్‌లో పెట్టాడు. తెల్లవారి చూస్తే అది ఉబ్బిపోయి అరల మధ్య ఇరుక్కుపోయింది. బయటికి లాగడమే కష్టమైందట. ఆ తర్వాత ఎన్నో ప్రయత్నాలు చేసి, రెండు వైపులా సాగదీసే పద్ధతి పట్టుకున్నాడు. 1973లో ఆ సీసాకు పేటెంటు వచ్చింది. ప్లాస్టిక్కు మాత్రం అంతకు ముందుదే. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు కనిపెట్టారు. మా నాన్నగారి టెరిలిన్ చొక్కా, మనం కట్టే పాలియెస్టరు చీర, ఈ కూల్‌డ్రింకు సీసా, మూడూ ఒకే పదార్థమంటే ఆశ్చర్యంగా లేదూ? దాన్నే పెట్ అంటారు. సీసా అడుగున త్రికోణంలో 1 అంకె ఉంటే అది పెట్ అని గుర్తు.

ఇప్పుడు మన అతుకు దగ్గరికి వద్దాం. మిగిలిపోయిన సీసాలో ఎప్పుడైనా మరిగే నీళ్ళు పోశారా? క్షణంలో ముడుచుకుని, వంకరటింకరగా, పొట్టిగా అయిపోతుంది. ఎందుకంటే సాగదీసి బిగించిన పోగులకు వేడి తగలగానే పట్టు సడలి, మళ్ళీ పాత చిక్కుజుట్టు అయిపోతాయి. దీనికి 75 డిగ్రీలు చాలు. టీ కాచే గిన్నెలో నీళ్ళు సలసలా మరగక్కర్లేదు, ఆవిరి బాగా వస్తుంటే చాలు. బట్టల పోగును ముందే వేడిలో స్థిరపరుస్తారు గనుక చీర అలా ముడుచుకోదు. మామూలు కూల్‌డ్రింకు సీసాను అలా చేయరు.

మరి అతకాలంటే కరగాలి కదా? పెట్ కరగాలంటే 250 డిగ్రీలు దాటాలి. చూశారా తిరకాసు! 75 దగ్గరే బలం పోతుంది, 250 దాటితేగానీ అతకదు. అతికే సమయానికి ఆ అంచు చుట్టూ ఉన్న అల్లిక అంతా విడిపోయి ఉంటుంది. పైగా కరిగిన పెట్ నిదానంగా చల్లారితే తెల్లగా, పెళుసుగా గట్టిపడుతుంది. మావాడి అతుకు దగ్గర కనిపించిన తెల్ల ఉంగరం అదే. చూడ్డానికి గట్టి, నిజానికి అప్పడం. వడియాల కవరు సంగతి వేరు. అది పాలిథిన్. 110 డిగ్రీల ప్రాంతంలోనే కరుగుతుంది, చల్లారాక మెత్తగా, సాగుతూ ఉంటుంది. పైగా వడియాల కవరు మోసేది వడియాలనే గదా, ఒత్తిడిని కాదు.

ఒత్తిడి ఎంత అన్నది కూడా లెక్క వేద్దాం. నేను మెట్రిక్‌తో ఆపేసిన దాన్ని, అయినా ఈ లెక్క నాకే వచ్చింది, మీకూ వస్తుంది. రెండు లీటర్ల సీసా అడ్డకొలత సుమారు 11 సెంటీమీటర్లు. అంటే గుండ్రటి అడ్డుకోత వైశాల్యం 95 చదరపు సెంటీమీటర్లు. పంపు గేజీ 40 చూపిస్తే, చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.8 కిలోల తోపు. 95ని 2.8తో గుణిస్తే 266. అంటే ఆ అతుకును రెండు వైపులా విడదీయడానికి 266 కిలోల బలం లాగుతోందన్నమాట. 25 కిలోల బియ్యం బస్తాలు పది పైచిలుకు ఆ తెల్ల ఉంగరానికి వేలాడదీసినట్టు. నీళ్ళు కారకపోవడం వేరు, బలం ఉండటం వేరు. చుక్క కారని గోనెసంచి కుట్టు కూడా పది బస్తాలు వేలాడదీస్తే పిగులుతుంది. "కారడం లేదుగా" అని నేను సరేనన్నది ఎంత తెలివితక్కువో అప్పుడు తెలిసింది.

అయితే రాకెట్టు పని మానేయమందామా? నేను అలా అనను. వద్దని కసిరితే పిల్లలు మనం నిద్రపోయే వేళ చూసుకుంటారు. ఎక్కడ వేడి పనికిరాదో, ఎక్కడ పనికొస్తుందో చెప్పడం మేలు. మా ఇంట్లో పెట్టుకున్న పద్ధతి ఇది.

మొదటిది. గాలి కొట్టే సీసా ఒక్కటే ఉండాలి, అది కోయని, కాల్చని, కొత్త సీసా కావాలి. గ్యాసున్న కూల్‌డ్రింకు సీసాయే వాడాలి. దానిలో కొన్న రోజునే మామూలు గాలికి మూడు నాలుగు రెట్ల ఒత్తిడి ఉంటుంది గనుక దాన్ని తట్టుకునేలా చేసి ఉంటారు. తాగే నీళ్ళ సీసా పల్చన, పనికిరాదు. ఈ సీసాకు నిప్పు, వేడినీళ్ళు, ఇస్త్రీపెట్టె, ఏదీ తగలకూడదు. ఈ రోజుల్లో పిల్లల దగ్గర వేడి జిగురు కార్చే గ్లూ గన్ ఉంటోంది. రెక్కలు అంటించడానికి దాని మొన ఈ సీసాకు ఆనించినా ఆ చోట గోడ సడలిపోతుంది. రెక్కలకు గట్టి టేపు చాలు. ఎండలో డాబా మీద వదిలేయడం కూడా మంచిది కాదు.

రెండోది. ఒత్తిడి పడని భాగాలకు వేడి నిక్షేపంగా వాడుకోవచ్చు. రాకెట్టు ముక్కు, రెక్కలు పెట్టే కింది గొట్టం, పారాచూటు దాచుకునే పై గొట్టం, వీటిలో గాలి కొట్టం. రెండు గొట్టాలు ఒకదానిలో ఒకటి దూర్చాలంటే రెండూ ఒకే లావు, దూరవు. అప్పుడు ఒకదాని అంచును రెండు వేళ్ళ మందం మాత్రం, పొయ్యి మీంచి దించిన వేడి నీళ్ళలో రెండు మూడు క్షణాలు ముంచి తీయాలి. అంచు కాస్త ముడుచుకుని సన్నబడుతుంది. చల్లారాక రెండోదానిలోకి దూర్చి పైన టేపు చుట్టాలి. ఎక్కువసేపు ముంచితే వంకరపోతుంది, కాబట్టి చెడిపోయిన సీసా మీద ముందు అలవాటు చేసుకోవాలి. ఈ వేడినీళ్ళ పని పెద్దవాళ్ళే, పట్టకారుతో పట్టుకుని చేయాలి. ముందే అన్ని గొట్టాలూ తయారుచేసుకుని, ఆ తర్వాతే గాలి సీసాకు తొడగాలి. తొడిగాక వేడిచేస్తే ఆ సెగ లోపలి సీసాకు తగులుతుంది.

మూడోది మనకు కూడా పనికొచ్చేది. కోసిన సీసా అంచు బ్లేడులా చెయ్యి కోస్తుంది. తక్కువ వేడి మీదున్న ఇస్త్రీపెట్టె మీద బట్ట కాగితమో పరిచి, ఆ అంచును క్షణం ఆనించి తీస్తే లోపలికి మడుచుకుని నున్నగా అవుతుంది. రాకెట్టు కింది గొట్టానికే కాదు, కొత్తిమీర వేసుకునే కుండీకీ, గరిటెలు పెట్టుకునే డబ్బాకీ ఇదే చిట్కా.

నాలుగోది. సెగ మంట మీద ప్లాస్టిక్కును కరిగించడం ఎందుకోసమైనా వద్దు. ఆ పొగ పీల్చకూడదు. కరిగిన బొట్టు చర్మం మీద పడితే అంటుకుపోయి, తుడిస్తే రాదు, లోతుగా కాలుస్తుంది.

రెండు సీసాలు కలిపి పెద్ద రాకెట్లు చేసేవాళ్ళు లోకంలో లేకపోలేదు. కానీ వాళ్ళు కూడా మంటతో అతకరు. వేడితో అంచు కాస్త సన్నబడేలా మాత్రమే చేస్తారు, గరుకు కాగితంతో రుద్ది, పాలియురెథేన్ అనే సాగే జిగురు పూసి, పూర్తిగా ఆరనిస్తారు. బరువు మోసేది జిగురే, కరిగిన అంచు కాదు. ఎగరేసే ముందు సీసా నిండా నీళ్ళు నింపి దూరం నుంచి ఒత్తిడి పెట్టి చూస్తారు. నీరు గాలిలా కుదించుకుపోదు గనుక, సీసా చిట్లినా ఊరికే నీళ్ళు కారతాయి, ముక్కలు ఎగరవు. అది అనుభవమున్న పెద్దల పని. బడి పిల్లలకు ఒక్క సీసా చాలు.

ఇక ఎగరేసేటప్పుడు జాగ్రత్తలు. గేజీ ఉన్న, కాలితో తొక్కే పంపు వాడండి. 40 దాటనివ్వకండి. సీసాను ఎవరూ చేత్తో పట్టుకోకూడదు, మీదికి వంగి చూడకూడదు. తాడు కనీసం అయిదారు మీటర్లు ఉండాలి. ఎగరకపోతే దగ్గరికి వెళ్ళొద్దు, దూరం నుంచే తాడుతో గాలి వదిలేయండి. ప్రతిసారీ సీసాను వెలుగులో పెట్టి చూడండి. గీతలు, తెల్లటి మడతలు కనిపిస్తే, పది పన్నెండుసార్లు ఎగిరినా, ఆ సీసా పారేయండి. కళ్ళకు అద్దాలు తప్పనిసరి.

మా అమ్మాయి కుట్లు విప్పాక పదిహేను రోజులకు మావాడి రాకెట్టు తయారైంది. ఒక్క సీసా గాలికి, రెండు సీసాల ముక్కలు ముక్కుకూ రెక్కలకూ. అంచులు నేనే వేడినీళ్ళలో ముంచి ఇచ్చాను. మొదటిది వంకరపోయింది, రెండోది కుదిరింది. బడి మైదానంలో తాడు లాగే పని చెల్లెలికే ఇస్తానన్నాడు వాడు. నాకు గుండె దడదడలాడింది, వద్దందామనుకున్నాను. అది అప్పటికే వాళ్ళ నాన్న స్కూటరు హెల్మెట్టు పెట్టుకుని, అద్దం దించుకుని, తాడు చివర నిలబడి ఉంది. హెల్మెట్టు పెద్దదై తల అటూ ఇటూ ఊగుతోంది. లాగింది. నీళ్ళన్నీ వర్షంలా కురిశాయి. రాకెట్టు బడి మేడ మీదుగా లేచి, అవతల వేపచెట్టు కొమ్మల్లో చిక్కుకుంది. ఇంకా అక్కడే ఉంది.

మీ ఇంట్లో కూడా ఏ కుర్రవాడో సీసాలు పోగుచేస్తుంటే, ఈ వారమే ఒకసారి పక్కన కూచుని ఏం చేస్తున్నాడో అడగండి. మిగిలిపోయిన సీసాలో కాస్త వేడినీళ్ళు పోసి, అది ఎలా ముడుచుకుపోతుందో వాడికి చూపించండి. నేను ఇంతసేపు చెప్పిందంతా ఆ ఒక్క క్షణంలో వాడికి అర్థమైపోతుంది.